నర్సింగ్ ప్రతిభకు గుర్తింపు

నర్సింగ్‌లో ప్రతిభను, నాయకత్వాన్ని, రోగి అవసరాన్ని ముందు పెట్టుకుని చేసే సేవను అధికారికంగా గుర్తించే ఆనవాయితీ పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటన్‌లో స్థిరపడింది. ఇప్పుడది ప్రధానంగా మూడు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది, ప్రభుత్వాలో రెడ్‌క్రాస్ లాంటి సంస్థలో వ్యక్తులకు ఇచ్చే పతకం. రెండోది, ఫలానా సిస్టర్ బాగా చూసుకుందని రోగులూ వాళ్ల ఇంటివాళ్లూ రాసిచ్చిన కాగితం మీద ఆధారపడే పురస్కారం. మూడోది ఒక నర్సుకు కాకుండా ఆసుపత్రికే దక్కుతుంది. అక్కడ నర్సులు ఎలా పనిచేస్తున్నారు, వాళ్ల మాట ఎంతవరకు చెల్లుతోంది, రోగులు ఎలా కోలుకుంటున్నారు అని పరీక్షించి ఇచ్చే ధ్రువీకరణ అది. పేరు మోసింది పతకమే. రోగికి మేలు జరిగిందని లెక్కలతో చూపే ప్రయత్నం గట్టిగా జరిగింది మాత్రం మూడో దారిలోనే.

నర్సింగ్ నాయకత్వం సూపరింటెండెంట్ కుర్చీతో ఆగిపోదు. నైట్ డ్యూటీకి ఇద్దరే వచ్చినప్పుడు ఎవరు ఏ బెడ్లు చూడాలో తేల్చే ఇన్‌ఛార్జ్ సిస్టర్, కేస్ షీటులో మందు మోతాదు ఎక్కువగా పడిందేమోనని డాక్టరుకు ఫోన్ చేసి అడిగే స్టాఫ్ నర్సు, తన పరిధిలోని గూడేల్లో ఏ బిడ్డకు ఏ టీకా బాకీ ఉందో నోటికి చెప్పగలిగే ఏఎన్‌ఎం చేసేదీ నాయకత్వమే. అవార్డుల చరిత్రలోకి ఇలాంటివాళ్లు చాలా ఆలస్యంగా వచ్చారు.

దీపమూ పట్టికలూ

ఈ చరిత్రకు మూలవిరాట్టు ఫ్లోరెన్స్ నైటింగేల్. 1820 మే 12న పుట్టింది. క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, 38 మంది స్త్రీలను వెంటబెట్టుకుని ఇస్తాంబుల్ పక్కనున్న స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. చేతిలో దీపంతో రాత్రిపూట వార్డుల్లో తిరిగిన ఆమె బొమ్మ అప్పటి బ్రిటిష్ పత్రికల పుణ్యమా అని లోకమంతా పాకింది. ఆమె అసలు సత్తా యుద్ధం ముగిశాక బయటపడింది. సైనికుల్లో గాయాలతో పోయినవారికన్నా నివారించదగిన జబ్బులతో పోయినవారే ఎక్కువని రంగుల చక్రాల్లాంటి పటాలు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన తొలి మహిళ ఆమే. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల ఆమె పేరిట వచ్చిన నిధితో ప్రారంభమైంది. విక్టోరియా రాణి 1883లో నెలకొల్పిన రాయల్ రెడ్‌క్రాస్ పురస్కారం అందుకున్న తొలి వరుసలో ఆమె ఉంది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన మొదటి మహిళ అయ్యింది.

తెలుగువారికి ఆమెతో ఒక సంబంధం ఉంది. నైటింగేల్ భారతదేశానికి ఎన్నడూ రాలేదు గానీ ఇక్కడి కరువుల గురించీ పారిశుద్ధ్యం గురించీ దశాబ్దాల పాటు రాసింది. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ వాదనను గట్టిగా బలపరిచింది. సాగునీరు కూడా ప్రజారోగ్యంలో భాగమేనని నమ్మిన మనిషి ఆమె. నర్సింగ్ కాలేజీల్లో ఏటా దీపాలు వెలిగించి ఆమెను తలుచుకునేటప్పుడు ఈ సంగతి చెప్పేవాళ్లు అరుదు. దీపం మిగిలింది, పట్టికలు మరుగున పడ్డాయి. తర్వాత పుట్టిన పురస్కారాలు చాలావరకు ఆ దీపాన్నే వారసత్వంగా తీసుకున్నాయి. త్యాగాన్ని మెచ్చుకోవడం వాటికి తెలిసినంతగా, ఆసుపత్రిని మార్చిన తెలివిని మెచ్చుకోవడం తెలియలేదు.

క్రిమియా యుద్ధంలోనే సేవచేసిన జమైకా మహిళ మేరీ సీకోల్ కథ ఈ గుర్తింపుల తీరుతెన్నులను ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. నర్సుల బృందంలో చేర్చుకోమని ఆమె అడిగితే కాదన్నారు. సొంత ఖర్చుతో క్రిమియా వెళ్లి, బాలక్లావా దగ్గర ఒక వసతిగృహం నడుపుతూ సైనికులకు తిండి, మందు చూసింది. బతికుండగా సైనికుల ఆదరణ దొరికింది. ఆ తర్వాత దాదాపు శతాబ్దం పాటు ఆమె పేరు ఎవరికీ పట్టలేదు. సెయింట్ థామస్ ఆసుపత్రి ఆవరణలో ఆమె విగ్రహం నిలబెట్టింది 2016లో.

అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ఇచ్చే ఫ్లోరెన్స్ నైటింగేల్ పతకాన్ని 1912లో వాషింగ్టన్ సమావేశంలో నిర్ణయించారు. మొదటి ప్రపంచయుద్ధం అడ్డుపడడంతో తొలి పతకాలు 1920లో గానీ అందలేదు. రెండేళ్లకోసారి, గరిష్ఠంగా 50 మందికి ఇస్తారు. యుద్ధభూమిలోనో విపత్తులోనో చూపిన ధైర్యానికి మొదలైన ఈ పతకం పరిధిలోకి ప్రజారోగ్యం, నర్సింగ్ విద్య తర్వాత చేరాయి. అంతర్జాతీయ నర్సుల మండలి ఇచ్చే క్రిస్టియాన్ రైమాన్ బహుమతి ఇంకో తరహాది. 1985లో దాన్ని మొదట అందుకున్న వర్జీనియా హెండర్సన్ ఏ యుద్ధానికీ వెళ్లలేదు. నర్సు చేసే పని ఏమిటో తేటగా నిర్వచించిన విదుషీమణి ఆమె. రోగికి బలమో, మనసో, తెలివిడో ఉంటే తన పని తానే చేసుకుంటాడు. అవి లేనప్పుడు ఆ పనిలో తోడ్పడి, వీలైనంత త్వరగా తన కాళ్ల మీద తాను నిలబడేలా చేయడం నర్సు ధర్మం అన్నది ఆమె వాదన సారం. రోగి కేంద్రిత సంరక్షణ అన్న మాట ప్రచారంలోకి రావడానికి ముందే ఆమె ఆ పునాది వేసింది.

భారత జాతీయ పురస్కారం

మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 1973లో జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారాన్ని నెలకొల్పింది. ఆసుపత్రి నర్సులతో పాటు ఏఎన్‌ఎంలు, లేడీ హెల్త్ విజిటర్లు కూడా దీనికి అర్హులు. రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రశంసాపత్రం, పతకం, నగదు అందజేస్తారు. చాలాకాలం 50 వేలుగా ఉన్న నగదు ఇటీవల లక్ష రూపాయలైంది.

గ్రహీతల్లో కొందరి కథలు దేశమంతటికీ తెలుసు. కేరళలోని పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి నర్సు లినీ పుదుశ్శేరి 2018లో, అది నిపా అని ఎవరికీ తెలియకముందే, జ్వరంతో వచ్చిన రోగికి సేవచేసి తానూ దాని బారిన పడింది. మే 21న చనిపోయింది. మరణానంతరం ఆమెకు ఈ పురస్కారం ప్రకటించారు. లిటిల్ అండమాన్ ద్వీపంలోని డుగాంగ్ క్రీక్‌లో ఒంగే తెగవారి మధ్య పనిచేసిన శాంతి తెరీసా లక్రా, 2004 సునామీలో ఆ ప్రాంతం కొట్టుకుపోయినా వాళ్లను విడిచి రాలేదు. 2011లో ఆమెకు పద్మశ్రీ కూడా వచ్చింది. 2023 జూన్‌లో పురస్కారం అందుకున్నవారిలో తెలంగాణ నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏఎన్‌ఎం ఒకరున్నారు. దారీతెన్నూ సరిగా లేని గొత్తికోయ ఆవాసాలకు వెళ్లి చేసిన సేవకు దక్కిన గుర్తింపు అది.

ఈ కథలన్నిటికీ చేతులెత్తి దండం పెట్టాల్సిందే. అయినా వీటిలో ఒక పోలిక ఉంది. వ్యవస్థ చేయాల్సిన పని వ్యక్తి చేసినప్పుడే మనకు అది గొప్పగా కనిపిస్తుంది. వాగు దాటి టీకాలు మోసుకెళ్లిన ఏఎన్‌ఎం ఫొటో పేపర్లో పడుతుంది, వంతెన సంగతి ఆ వార్తలో ఉండదు. తన వార్డులో ఏడాది పొడవునా ఒక్క రోగికీ పడక పుండు రాకుండా చూసిన ఇన్‌ఛార్జ్ సిస్టర్ గురించి రాయడానికి ఏ విలేకరికీ కథ దొరకదు. ఏమీ జరగకపోవడమే ఆమె సాధించిన విజయం కదా.

మ్యాగ్నెట్ ఆసుపత్రులు

ఏమీ జరగకపోవడాన్ని కొలవడం ఎలాగన్న ప్రశ్నకు అమెరికాలో అనుకోకుండా ఒక జవాబు దొరికింది. 1980ల తొలినాళ్లలో అక్కడ నర్సుల కొరత తీవ్రంగా ఉండేది. చేరినవాళ్లు చేరినట్టే మానేస్తుంటే, కొన్ని ఆసుపత్రుల్లో మాత్రం నర్సులు ఏళ్ల తరబడి కదలకుండా ఉండేవారు. ఎందుకు వెళ్లిపోతున్నారని అందరూ అడుగుతున్న రోజుల్లో, ఎందుకు ఉండిపోతున్నారని అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ అడిగింది. మార్గరెట్ మెక్‌క్లూర్, ఆమె సహచరులు 165 ఆసుపత్రుల పేర్లు తీసుకుని, వడపోసి, 41 ఎంచారు. అయస్కాంతంలా నర్సులను పట్టి ఉంచుతున్నాయి కాబట్టి వాటికి మ్యాగ్నెట్ ఆసుపత్రులని పేరు పెట్టి 1983లో నివేదిక వెలువరించారు.

ఆ ఆసుపత్రుల్లో కనిపించినవి విడ్డూరాలేం కావు. నర్సింగ్ విభాగాధిపతి ఆసుపత్రి పాలనలో పైవరుసలో కూర్చునేది. డ్యూటీ చార్టు వార్డు స్థాయిలో తయారయ్యేది. డాక్టరూ నర్సూ ఒకరి మాట ఒకరు వినేవారు. రోగి సంరక్షణ మీద వృత్తిపరమైన నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ నర్సుకు ఉండేది. సిబ్బంది సరిపడా ఉండేవారు. దీని ఆధారంగా అమెరికన్ నర్సుల ధ్రువీకరణ కేంద్రం ఒక గుర్తింపు కార్యక్రమం రూపొందించి, 1994లో సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ మెడికల్ సెంటర్‌కు మొట్టమొదటి మ్యాగ్నెట్ గుర్తింపు ఇచ్చింది. నాలుగేళ్లకోసారి మళ్లీ పరీక్షకు నిలబడాలి. రోగులు జారిపడడం, పడక పుండ్లు, క్యాథెటర్ల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు, రోగుల సంతృప్తి లాంటి అంకెలు చూపించాలి.

అదే 1994లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన లిండా ఐకెన్ ఒక అధ్యయనం ప్రచురించింది. 39 మ్యాగ్నెట్ ఆసుపత్రులను వాటికి సాటిరాగల 195 మామూలు ఆసుపత్రులతో పోల్చి చూస్తే, వృద్ధ రోగుల మరణాలు మ్యాగ్నెట్ ఆసుపత్రుల్లో 4.6 శాతం తక్కువగా తేలాయి. ఆమె అక్కడితో ఆగలేదు. 2002లో పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల లెక్కలు తీసి, ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒక్కటి పెరిగిన కొద్దీ శస్త్రచికిత్స అయినవారు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని చూపింది. 2014లో తొమ్మిది ఐరోపా దేశాల్లో నాలుగు లక్షల పైచిలుకు రోగుల సమాచారంతో చేసిన అధ్యయనంలోనూ అదే 7 శాతం తేలింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే ఆ ప్రమాదం అంతే మేరకు తగ్గుతోందని కూడా ఆ అధ్యయనం చెప్పింది.

ఐకెన్ చేసింది పరిశోధనే అయినా, నా దృష్టిలో నర్సులకు ఇరవయ్యో శతాబ్దంలో దక్కిన అసలైన గుర్తింపు అదే. సిస్టర్ల మంచి మనసును పొగిడిన వ్యాసాలు అప్పటికి కోకొల్లలు. వాళ్ల సంఖ్యకూ చదువుకూ రోగి ప్రాణంతో ముడి ఉందని ఆసుపత్రి యాజమాన్యాలు కాదనలేని భాషలో చెప్పింది ఈ అంకెలు.

మ్యాగ్నెట్ మీద విమర్శలూ లేకపోలేదు. దరఖాస్తుకూ తయారీకీ ఖర్చు విపరీతం, కాబట్టి డబ్బున్న ఆసుపత్రులే ముందుకొస్తాయి. మంచి ఆసుపత్రి కనుక గుర్తింపు వచ్చిందా, గుర్తింపు కోసం ప్రయత్నించి మంచిదయ్యిందా అన్న చర్చ ఇంకా తెగలేదు. అమెరికా బయట దీన్ని మొదట పొందింది ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ ఆసుపత్రి. మన దేశంలో ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ కూడా నర్సింగ్ ఎక్సలెన్స్ పేరుతో ఒక ధ్రువీకరణ నడుపుతోంది.

రోగి చెప్పిన మాట

1999లో సియాటిల్‌లోనే పాట్రిక్ బార్న్స్ అనే 33 ఏళ్ల యువకుడు రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయే ఆటోఇమ్యూన్ జబ్బుతో కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. డాక్టర్ల నైపుణ్యాన్ని ముందే ఊహించిన కుటుంబం, నర్సులు తమ బిడ్డతోనూ తమతోనూ మెలిగిన తీరును మాత్రం ఊహించలేదు. ఆ కృతజ్ఞతతో డైసీ ఫౌండేషన్ పెట్టారు. ఈ పురస్కారానికి సాధారణంగా పేరు సూచించేది రోగి, బంధువు లేదా తోటి ఉద్యోగి. గెలిచిన నర్సుకు జింబాబ్వే శిల్పులు చేత్తో చెక్కిన చిన్న రాతి శిల్పం ఇస్తారు. వార్డు మొత్తానికీ దాల్చినచెక్క రోల్స్ పంచుతారు. పాట్రిక్ ఆసుపత్రిలో ఉండగా అవి తెప్పించుకుని, నర్సులకు కూడా తెమ్మని తండ్రిని అడిగాడట. ఇది తర్వాత చాలా దేశాలకు పాకింది. నర్సు నాయకులకు విడిగా ఒక విభాగమూ వచ్చింది.

అధికారి సిఫారసుతో వచ్చే పతకానికీ దీనికీ తేడా స్పష్టం. రోగి గుర్తుంచుకునేవి అధికారి రికార్డుల్లో ఉండవు. సూది గుచ్చే ముందు చెప్పిన ఒక మాట, రాత్రి పిలిస్తే విసుక్కోకుండా రావడం, ముసలామెకు బెడ్‌పాన్ పెట్టేటప్పుడు కర్టెన్ లాగడం లాంటివి అవి. అమెరికాలో పికర్ సంస్థ 1980ల చివరి నుంచి ఇలాంటి వాటినే ప్రశ్నావళిగా మార్చి రోగుల అనుభవాన్ని శాస్త్రీయంగా సేకరించింది. 2001లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ మంచి వైద్యానికి ఆరు లక్షణాలు చెప్పినప్పుడు రోగి కేంద్రితంగా ఉండడం వాటిలో ఒకటైంది.

మన దగ్గర రోగి ఒక్కడే ఆసుపత్రికి రాడు, వెంట అటెండెంట్ ఉంటాడు. సెలైన్ సీసా అయిపోయిందని చెప్పేదీ, ఒళ్లు తుడిచేదీ, రాత్రంతా మేలుకునేదీ చాలాసార్లు అతనే. కాబట్టి ఇక్కడ రోగిని కేంద్రంగా పెట్టుకోవడమంటే కుటుంబాన్ని లెక్కలోకి తీసుకోవడమే. 2014లో మొదలైన నూరా హెల్త్ సంస్థ చేస్తున్నది ఇదే. నర్సుల చేత వార్డులోనే బంధువులకు ఇంటి దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు నేర్పించే పద్ధతి అది. పాశ్చాత్య దేశాల ప్రశ్నావళిని తెచ్చి మన వార్డుల్లో పంచితే ఈ సగం కనిపించకుండా పోతుంది.

గుర్తింపు గుడ్డిదైన చోటు

ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ ఆసుపత్రి ఉదంతం ఈ రంగంలో అందరూ చదవదగింది. దాన్ని నడిపే ట్రస్టు, స్వతంత్రంగా నడుచుకునే వీలిచ్చే ఫౌండేషన్ ట్రస్టు హోదా కోసం ఖర్చులు తగ్గించుకుంది, సిబ్బందిని కుదించింది. 2008లో హోదా వచ్చింది. అదే కాలంలో వార్డుల్లో రోగులు మలమూత్రాల్లో పడి ఉన్నారు, దాహానికి పూలు పెట్టే కూజాల్లో నీళ్లు తాగిన సందర్భాలూ ఉన్నాయని తర్వాత సాక్ష్యాలు వచ్చాయి. తల్లిని పోగొట్టుకున్న జూలీ బెయిలీ నాయకత్వంలో కుటుంబాలు పోరాడితే విచారణలు జరిగాయి. రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013 ఫిబ్రవరిలో 290 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. లక్ష్యాల కాగితాలు చూసి హోదా ఇచ్చినవాళ్లు వార్డు చూడలేదన్నది అందులో తేలిన విషయం.

ఆ ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేసిన నర్సు హెలీన్ డొనెల్లీ, రోగులు వేచి ఉన్న సమయాన్ని తప్పుగా రాయమని ఒత్తిడి చేస్తున్నారని పదేపదే ఫిర్యాదు చేసింది. అప్పట్లో దక్కింది బెదిరింపులు. 2014లో బ్రిటిష్ ప్రభుత్వం ఓబీఈ బిరుదు ఇచ్చింది. తప్పును ఎత్తిచూపినందుకు నర్సును సత్కరించడం పురస్కారాల చరిత్రలో అరుదు. నర్సింగ్ నాయకత్వానికి అంతకన్నా తిరుగులేని పరీక్ష కూడా లేదు.

నెదర్లాండ్స్‌లో జోస్ డి బ్లాక్ అనే నర్సు అసలు పైనుంచి అజమాయిషీయే లేని ఇంకో దారి పట్టాడు. 2006లో స్థాపించిన బ్యూర్ట్‌జోర్గ్ సంస్థలో పన్నెండు మందికి మించని నర్సుల జట్లు తమ ప్రాంతంలోని రోగుల ఇళ్లకు వెళ్తాయి. వాళ్లమీద మేనేజర్లు ఉండరు. డ్యూటీలు, నియామకాలు అన్నీ జట్టే చూసుకుంటుంది. డి బ్లాక్‌కు 2014లో బ్రిటన్‌కు చెందిన రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఆల్బర్ట్ పతకం ఇచ్చింది.

సంఖ్య, జీతం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సులు, మిడ్‌వైఫ్‌ల సంవత్సరంగా ప్రకటించింది. ప్రపంచంలో 2.79 కోట్ల మంది నర్సులున్నారనీ, ఇంకా 59 లక్షల మంది కావాలనీ ఆ ఏటి నివేదిక చెప్పింది. నర్సుల్లో దాదాపు 90 శాతం స్త్రీలే అయినా ఆరోగ్యరంగపు పై కుర్చీల్లో వాళ్లు కొద్దిమందేనని కూడా తేల్చింది. మన నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రి వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. పెద్దాసుపత్రిలో ఒక్క రాత్రి గడిపిన ఎవరికైనా ఆ ప్రమాణం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఐకెన్ లెక్కలు చదివాక ఆ దూరం ఇంకా భయపెడుతుంది.

ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రుల్లోనూ నెలకు 20 వేలకు తగ్గకూడదనీ, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. అమలు బాధ్యత రాష్ట్రాలది. దేశంలో ఎక్కువ చోట్ల అది కాగితం మీదే ఉంది. నర్సుల దినోత్సవమైన మే 12న శాలువా కప్పి, ఆ నెల జీతం ఆలస్యం చేసే యాజమాన్యాలు ఇప్పటికీ ఉన్నాయి.

తెలుగునాట మిడ్‌వైఫ్‌లు

నర్సుకు నిర్ణయాధికారం ఇవ్వడమే గుర్తింపుగా మారిన ఉదాహరణ ఒకటి తెలంగాణలో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4, తెలంగాణలో 60.7 శాతం. ముహూర్తం చూసి కోత పెట్టించుకునే అలవాటు నుంచి కాన్పు గదిలో ఓపిక పట్టే మనిషి లేకపోవడం దాకా కారణాలు చాలా ఉన్నాయి. ఈ రెండో లోటు పూడ్చడానికి 2017లో రాష్ట్ర ప్రభుత్వం, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. ప్రమాదం లేని కాన్పును వీళ్లు సొంతంగా నడిపించగలరు, ఎప్పుడు డాక్టరును పిలవాలో తేల్చగలరు. నొప్పుల సమయంలో తల్లిని నడవనివ్వడం, తనకు వీలైన భంగిమలో ఉండనివ్వడం, అమ్మనో అత్తనో పక్కన ఉంచడం వీళ్ల శిక్షణలో భాగం. లేబర్ రూముల్లో కసుర్లకు అలవాటుపడిన మన ఆడవాళ్లకు ఇది చిన్న మార్పు కాదు.

2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇలాంటి 18 నెలల శిక్షణతో నర్స్ ప్రాక్టీషనర్ అనే హోదాను దేశమంతటా ప్రతిపాదించాయి. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. మిడ్‌వైఫరీ అన్న పేరు చట్టం శీర్షికలోకే ఎక్కింది. శిక్షణ పొందినవాళ్లను మళ్లీ జనరల్ వార్డు డ్యూటీకి మార్చకుండా కాన్పు గదిలోనే ఉంచడం మాత్రం ఆయా రాష్ట్రాల ఆరోగ్యశాఖల చేతిలో ఉంది.